ఫర్మానా కాదు, హక్కు

మత స్వేచ్ఛ గురించి ఎవరు మాట్లాడినా మన దేశంలో ముందుగా వచ్చే మాట పరమత సహనం. బడి పుస్తకంలో అదే, పండుగ సందేశంలో అదే, అల్లర్ల తర్వాత వేసే శాంతి కమిటీలోనూ అదే. వినడానికి ఇంపైన మాటే. కానీ సహించడమంటే ఏమిటి? ఎండను సహిస్తాం. నొప్పిని సహిస్తాం. పక్కింటి గోలను సహిస్తాం. ఆ జాబితాలో మమ్మల్ని కూడా చేర్చి, ఇదే మీకిచ్చిన గౌరవం అంటే మేమేం చెప్పాలి?

సహనం ఇచ్చేవాడి గుణం. ఇచ్చేవాడు మారితే, వాడి మనసు మారితే, వాడి అవసరం మారితే అది ఆవిరైపోతుంది. హక్కు అలా కాదు. అది ఎవరి మనసు మీదా ఆధారపడదు. ఈ తేడా నాలుగు వందల ఏళ్ళ హైదరాబాద్ చరిత్రలో రక్తంతో రాసి ఉంది. ఆ చరిత్రను కథలుగా, బొమ్మలుగా మలిచి కోట్లాది తెలుగువాళ్ళ ముందు పెట్టే కార్ఖానా మాత్రం ఒకే చోట ఉంది. అదే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. కాబట్టి ఈ చర్చ అక్కణ్ణించే మొదలు కావాలి.

ఫిల్మ్‌నగర్ గుట్టకు గోలకొండ కోట నాలుగైదు కిలోమీటర్ల దూరం. కుతుబ్‌షాహీ సమాధులు ఇంకా దగ్గర. ఈ బండలన్నీ ఒకప్పటి షేక్‌పేట ఊరి పరిసరాలు. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఇప్పటికీ ఉంది. బాటసారులు, వాళ్ళ గుర్రాలు, ఒంటెలు సేదతీరడానికి కట్టిన ఆ రాతి కట్టడం పక్కనే మసీదు ఉంది. 1960లలో చల్లగళ్ళ నరసింహం చొరవతో సహకార గృహనిర్మాణ సంఘం ఈ బండల మీద జూబ్లీహిల్స్‌కు పునాది వేసింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో 1976లో తెరుచుకుంది. తర్వాత పద్మాలయా వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది. మద్రాసులో ఉన్న తెలుగు సినిమాను సొంతగడ్డకు రప్పించాలని ప్రభుత్వాలు స్థలాలిచ్చి పిలిచాయి. గుట్టల మీద బంగళాలు లేచాయి. గుట్టల కింద యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, రహమత్‌నగర్, బోరబండ బస్తీలు నిండాయి. సినిమా తీసేవాళ్ళు పైన ఉంటే, దానికి లైట్లు మోసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, బండ్లు నడిపేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు చాలామంది కింద ఉన్నారు. వాళ్ళలో మేమూ ఉన్నాం.

గోలకొండ పక్కనే ఉన్న ఫిల్మ్‌నగర్‌కు గోలకొండ కథల్లో బాగా నచ్చింది రామదాసు కథ. 1964లో చిత్తూరు నాగయ్య తీసిన 'రామదాసు'లో గుమ్మడి కబీరు వేషం వేస్తే, ఆ కబీరుకు మహమ్మద్ రఫీ గొంతు ఇచ్చాడు. 2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో 'శ్రీరామదాసు' వచ్చినప్పుడు నాగార్జున రామదాసు అయితే, అక్కినేని నాగేశ్వరరావు కబీరయ్యాడు, నాజర్ తానీషా అయ్యాడు. ఒక భక్తుడి కథను నిలబెట్టడానికి ఇన్ని మతాల గొంతులు, ముఖాలు కలిశాయి. ఇది తెలుగు సినిమా గర్వంగా చెప్పుకోదగ్గ విషయమే. తానీషా కాలం నుంచి వస్తున్నదని చెప్పే ఆనవాయితీ ప్రకారం శ్రీరామనవమికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు భద్రాచలం పంపడం నేటికీ సాగుతోంది. అదీ మనందరి ఉమ్మడి జ్ఞాపకమే.

కానీ ఆ కథలో స్వేచ్ఛ ఎలా వచ్చిందో చూడండి. గోపన్న పాల్వంచ పరగణాలో తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టాడని సుల్తాను జైల్లో పెట్టించాడు. రాముడే కలలో కనిపించి బాకీ తీర్చాడని, సుల్తాను మనసు కరిగిందని కథ. అంటే జైలూ సుల్తాను ఇష్టమే, విడుదలా సుల్తాను ఇష్టమే. మధ్యలో ఉన్నది అద్భుతం. ఆ అద్భుతం జరగకపోయి ఉంటే?

దానికి జవాబు అదే ఆస్థానంలో, అదే కుటుంబంలో ఉంది. రామదాసుకు మేనమామలుగా చెప్పుకునే మాదన్న, అక్కన్నలు ఆ రాజ్యాన్ని నడిపినవాళ్ళు. షియా సుల్తాను దగ్గర బ్రాహ్మణుడు ప్రధానమంత్రి. మతాన్ని బట్టి కాక పనిని బట్టి పదవి ఇచ్చిన రాజ్యమది. అంతకు వందేళ్ళ ముందే ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల్ని ఆదరించి 'మల్కిభరాము'డయ్యాడు. పటాన్‌చెరువు అమీన్‌ఖానుకు పొన్నగంటి తెలగన 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో మొదటి కావ్యం ఒక ముస్లిం అధికారికి అంకితం. ఇంత ఉదారమైన గోలకొండలోనే, ఔరంగజేబు ఒత్తిడి పెరిగి, దర్బారులో లెక్కలు మారేసరికి 1686లో మాదన్న, అక్కన్నల్ని వీధిలో నరికి చంపారు. మరుసటి ఏడాది గోలకొండే కూలింది. తానీషా దౌలతాబాదులో ఖైదీగా కన్నుమూశాడు.

మంచి రాజు ఉన్నంతకాలమే మంచి. రాజు బలహీనపడ్డ రోజున ఆ మంచికి పూచీ ఎవరూ లేరు. సినిమా మనకు కరిగిన సుల్తాను మనసు చూపించి హారతి పడుతుంది. మాదన్న శవాన్ని చూపించదు. అందుకే ప్రేక్షకుడు థియేటర్లోంచి బయటికి వచ్చేటప్పుడు మత సామరస్యమంటే ఒక మంచివాడి దయ అనే అభిప్రాయంతోనే వస్తాడు.

ఇక అసఫ్‌జాహీల దగ్గరికి వద్దాం. ఇక్కడ ముస్లింలుగా మేము తప్పించుకోకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ యాదగిరిగుట్టకు, భద్రాచలానికి గ్రాంట్లు ఇచ్చాడు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి విరాళం ఇచ్చాడు. మాలో చాలామంది ఈ జాబితాతోనే ఆగిపోతారు. కానీ అదే రాజ్యంలో కొత్త గుడి కట్టాలన్నా, పాతగుడి బాగుచేయాలన్నా 'ఉమూరె మజ్‌హబీ' అనే మత వ్యవహారాల శాఖ గుమ్మం ఎక్కాలి. సభ పెట్టుకోవాలంటే 'గస్తీ నిషాన్ 53' అడ్డం. హవన కుండానికీ, ఓం జెండాకూ అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సిన పరిస్థితి మీద 1938-39లో ఆర్యసమాజం సత్యాగ్రహం చేసింది. వేలమంది జైలుకు వెళ్ళారు. ఆ ఉద్యమంలో హిందూ మహాసభ లాంటి మతతత్వ శక్తులూ చేరాయి, నిజమే. అంతమాత్రాన వాళ్ళు అడిగింది అన్యాయం కాదు. తన ఇంటి ముందు తన దేవుడికి దీపం పెట్టుకోవడానికి సర్కారు ముద్ర ఎందుకన్న ప్రశ్న, అడిగినవాడు ఎవరైనా న్యాయమైనదే. ఆ రోజు వాళ్ళు అడిగిన దాన్నే ఈ రోజు మేమడుగుతున్నాం. అప్పటి ప్రశ్నను కాదనేవాళ్ళకు ఇప్పటి ప్రశ్న అడిగే అర్హత ఉండదు.

ఆ కాలంలోనే మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 'అనల్ మలిక్' అనే సిద్ధాంతాన్ని ప్రచారం చేసింది. ప్రతి ముస్లిమూ పాలకుడేనని దాని సారం. జట్కా తోలేవాడు, దూది ఏకేవాడు, మాంసం కొట్టేవాడు, సైకిలు రిపేరు చేసేవాడు అందరూ రాజులేనట. ఆ రాచరికం వాళ్ళ కడుపు ఒక్క పూట కూడా నింపలేదు. కానీ దాని బిల్లు మాత్రం 1948లో వాళ్ళ చేతికే వచ్చింది.

1948 సంవత్సరాన్ని తెలుగువాళ్ళు రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటారు. ఒకరికి విమోచన, ఇంకొకరికి పోలీసు చర్య. మేము దాన్ని ఒకే సంవత్సరంగా, మొదటి నెల నుంచి చివరి నెల దాకా చదవమంటున్నాం.

ఆగస్టు నెలలో మా వృత్తివాడు ఒకడు చనిపోయాడు. షోయబుల్లాఖాన్. ఖమ్మం ప్రాంతంలో పుట్టినవాడు. మందుముల నరసింగరావు నడిపిన ఉర్దూ పత్రిక 'రయ్యత్'లో పనిచేసి, తర్వాత 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక పెట్టాడు. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేశాడు. రజాకార్ల మీద కలం ఆపలేదు. ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళ్తుంటే దారికాచి చెయ్యి నరికారు, కాల్చారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. అదే నెల 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి గ్రామస్థుల్ని పదుల సంఖ్యలో వరసలో నిలబెట్టి కాల్చారు. ముస్లిం పేరుతో పుట్టిన ఒక సాయుధ మూక ఒక హిందూ పల్లెనూ, ఒక ముస్లిం సంపాదకుణ్ణీ వారం రోజుల్లో చంపింది. ఎందుకు? ఇద్దరూ తమ మనసుకు తోచింది చేశారు కాబట్టి. మనస్సాక్షిని చంపేవాడికి మతంతో పనిలేదు.

సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో, తెలంగాణలో కొన్నిచోట్ల రజాకార్లు చేసిన పాపానికి రజాకార్లు కాని ముస్లింలు శిక్ష అనుభవించారు. 'ప్రతి ముస్లిమూ రాజే' అన్న మాటను అప్పటిదాకా మజ్లిస్ నమ్మించింది. కత్తి పట్టుకున్నవాళ్ళు కూడా అదే నమ్మి దూదేకులవాడిని రాజు కింద లెక్కగట్టి నరికారు. కేంద్ర ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ బృందం నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా సంస్థానంలో తిరిగింది. అందులో ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నాడు. ఆయనా ఉర్దూ జర్నలిస్టే, హైదరాబాద్ 'పయామ్' పత్రిక పెట్టినవాడు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ళు అంచనా కట్టారు. ముస్లింలను కాపాడిన హిందువుల గురించీ వాళ్ళు రాశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాల్లో ఉండి, 2013లోగాని దేశం కంట పడలేదు.

ఇప్పుడు ఆ డిసెంబరు నెలను ఇంకోవైపు నుంచి చూడండి. సుందర్‌లాల్ బృందం జిల్లాల్లో వితంతువులతో మాట్లాడుతున్న రోజుల్లోనే, డిసెంబరు 3న, 6న ఢిల్లీలో రాజ్యాంగ సభ మత స్వేచ్ఛ అధికరణాన్ని చర్చించింది. ముసాయిదాలో అది 19వ అధికరణం. ఈనాటి 25వది. మతాన్ని నమ్మడం, ఆచరించడం సరే, ప్రచారం చేసే హక్కు ఎందుకని కొందరు సభ్యులు గట్టిగా వ్యతిరేకించారు. ఆ మాట ఉండాలని సమర్థించినవాళ్ళలో కె.ఎం. మున్షీ ఒకరు. ఆయన ఎవరు? ఆ ఏడాదే హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉండి, రజాకార్ల రాజ్యాన్ని కళ్ళారా చూసినవాడు. ముస్లిం రాజకీయాల మీద ఆయన అభిప్రాయాలతో మాకు పేచీ ఉంది. కానీ హైదరాబాద్‌లో అదంతా చూసి వెళ్ళి కూడా ఆయన ఆ మాట తీసేయమనలేదు, ఉంచమన్నాడు.

నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 10న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. దాని 18వ అధికరణం ఆలోచన, అంతఃకరణ, మత స్వేచ్ఛలది. మొదటి అధికరణం మనుషులందరూ గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానులని చెప్తుంది. ఆ వాక్యంలో 'పురుషులందరూ' అన్న అర్థమొచ్చే మాటను తీయించి 'మానవులందరూ' అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. రెండో ప్రపంచయుద్ధంలో లక్షల యూదుల్ని కేవలం వాళ్ళ పుట్టుకను బట్టి చంపిన యూరప్, దేశ విభజన రక్తం ఆరని ఇండియా, శవాలు లెక్కపెట్టుకుంటున్న హైదరాబాద్ — మూడూ ఒకే నెలలో ఒకే పాఠం నేర్చుకున్నాయి. మనిషి నమ్మకాన్ని ఇంకొకరి దయకు వదిలితే శాంతి ఉండదు.

1949 నవంబరులో నిజాం ఒక ఫర్మానా జారీ చేశాడు. భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ రాజ్యాంగమవుతుందని దాని సారాంశం. ఫర్మానాల కాలం ముగిసిందని చెప్పడానికి కూడా ఒక ఫర్మానా కావాల్సి వచ్చింది. ఆ రోజు మేము పోగొట్టుకున్నది రాజ్యం అని చాలామంది అనుకుంటారు. పేద ముస్లింకు రాజ్యం ఎప్పుడుంది గనక పోగొట్టుకోవడానికి? ఆ రోజు మాకు వచ్చింది హక్కు.

రాజు ఇచ్చిందానికీ రాజ్యాంగం ఇచ్చిందానికీ తేడా ఏమిటో ఫిల్మ్‌నగర్ పొరుగునే ఉన్న మణికొండ చెప్తుంది. అక్కడ హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. హుస్సేన్‌సాగర్ తవ్వకాన్ని చూసుకున్నది ఆయనేనని జనం చెప్పుకుంటారు. దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాల్లో చాలా భాగం కంపెనీలకు, కట్టడాలకు వెళ్ళింది. ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచి, 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి వక్ఫ్‌ది కాదు, ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది. తీర్పు మాలో చాలామందిని బాధపెట్టింది. అయినా ఒక సంగతి గమనించాలి. రాజులిచ్చిన జాగీరు రాజులతో, జాగీర్ల రద్దుతో పోయింది. ఆ దర్గా గడప దగ్గర ఫాతెహా చదువుకునే హక్కు పోలేదు. అక్కడ టెంకాయ కొట్టే హిందువు హక్కూ పోలేదు. అది ఏ రాజూ ఇచ్చింది కాదు గనక.

అయితే హక్కు కాగితం మీద ఉంటే చాలదు. పక్కవాడి కళ్ళలో కూడా ఉండాలి. ఆ కళ్ళను తయారుచేసేది ఇవాళ సినిమా.

తెలుగు సినిమా మాకు మొదట్లో చెడ్డగా ఏమీ లేదు. 1955లో అంజలీదేవి 'అనార్కలి' అయితే తెలుగువాళ్ళు ఆమెతో కలిసి ఏడ్చారు. అదే ఏడు 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు నాట్యమాడిన కొత్త పిల్ల పేరు వహీదా రెహ్మాన్. యూసుఫ్‌ఖాన్ దిలీప్‌కుమార్‌గా, ముంతాజ్ మధుబాలగా మారిన బొంబాయిలో ఆమెనూ పేరు మార్చుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. తెలుగు తెర ఆ పేరును ఉన్నదున్నట్టుగానే పరిచయం చేసింది. బుర్రకథ నాజర్‌ను జనం నాజర్‌గానే నెత్తిన పెట్టుకున్నారు. తెలుగువాడికి ముస్లిం పేరంటే బెదురు పుట్టుకతో రాలేదు. అది తర్వాత ఎక్కించింది.

ఎలా ఎక్కించారు? ముందు సాయిబును నవ్వుల పాలు చేశారు. 'నీకీ, మాకీ' అంటూ వంకర తెలుగు మాట్లాడే హాస్యపాత్ర అయ్యాడు. కోస్తాలో, రాయలసీమలో తరాలుగా మంచి తెలుగు మాట్లాడే ముస్లింలు లక్షల్లో ఉన్నారన్న సంగతి ఆ రచయితలకు పట్టలేదు. తర్వాత అతను హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడయ్యాడు. ఆ తర్వాత పాతబస్తీ రౌడీ అయ్యాడు. 1990ల నుంచి టెర్రరిస్టు అయ్యాడు. 1992లో 'రోజా' తెలుగులోకి డబ్బింగై వచ్చాక ఆ బాట వెడల్పయింది. 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం' వచ్చింది. అందులో అంజద్ అనే ఆటోడ్రైవరు దేశభక్తుడు. తమ్ముడు టెర్రరిస్టు. ప్రకాశ్‌రాజ్ ఆ పాత్రకు ప్రాణం పోశాడు. సినిమాకు జాతీయ సమైక్యతా చిత్రంగా నంది అవార్డూ వచ్చింది. తీసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. మేమూ చప్పట్లు కొట్టాం. కానీ ఆ సినిమాలో అంజద్ ఒక్కడే ఎందుకు పరీక్ష రాయాలి? మిగతా హీరోల దేశభక్తి వాళ్ళ పుట్టుకతోనే వచ్చింది. అంజద్‌ది మాత్రం రుజువు చేస్తే వచ్చింది. మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని రెండే గళ్ళు గీసి, ఏ గడిలోకి వస్తావో నువ్వే తేల్చుకో అనడం గౌరవం కాదు. ఉత్త ముస్లింగా, అప్పుల్తో సతమతమవుతూ, కూతురి ఫీజు కట్టలేక ఇబ్బంది పడే మనిషిగా మాకు తెర మీద చోటెప్పుడు?

ఇది సినిమా బాధేనని కొట్టిపారేయకండి. తెరమీది బొమ్మ వీధిలోకి వస్తుంది. 2007 మే 18న మక్కా మసీదులో జుమా రోజు బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. మసీదులో పేలిన బాంబుకు కూడా ముందుగా పట్టుకెళ్ళింది పాతబస్తీ పిల్లల్నే. వాళ్ళు నిర్దోషులుగా బయటికి వచ్చారు. ప్రభుత్వమే వాళ్ళకు పరిహారం ప్రకటించింది. తర్వాత హిందూత్వ వర్గాలకు చెందినవారి మీద నడిచిన కేసు కూడా 2018 ఏప్రిల్‌లో కొట్టేశారు. అంటే ఆ తొమ్మిది మందిని ఎవరూ చంపలేదన్నమాట! అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్‌చాట్ దగ్గర 42 మందిని బలిగొన్న కేసులో దోషులకు శిక్షలు పడ్డాయి. పడాల్సిందే. ఆ నలభై రెండు మందికి దక్కిన న్యాయం మసీదులో రాలిపోయినవాళ్ళకూ దక్కాలనడం ఎక్కువ అడగడమా? ఇల్లు అద్దెకు అడిగితే పేరు వినగానే 'ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ' అనే మర్యాదైన మాట మాలో వినని కుటుంబం అరుదు. ఆ మాట అనేవాళ్ళు దుర్మార్గులు కారు. వాళ్ళ కళ్ళకు ఒక సినిమా అడ్డం ఉంది.

2024లో 'రజాకార్' సినిమా వచ్చింది. రజాకార్ల దారుణాలు నిజం. వాటి మీద సినిమా తీయొద్దనే హక్కు మాకు లేదు, అనం కూడా. మేమడిగేది వేరు. షోయబుల్లాఖాన్‌ను హీరోగా పెట్టి ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా ముహూర్తం పెడతారా? సుందర్‌లాల్ బృందం వెంట ఖాజీ అబ్దుల్ గఫార్ తిరిగిన దారిలో కెమెరా నడిపిస్తారా? తెలుగు సినిమాకు ఇది చేతకాదని అనలేం. 'మాభూమి' దీన్నంతా ఒకసారి చేసి చూపించింది. కృషన్‌చందర్ ఉర్దూలో రాసిన నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాణంలో వచ్చిన సినిమా అది. రాసింది ఉర్దూ రచయిత, పుట్టుకతో హిందువు. తీసింది బెంగాలీ. కథ తెలంగాణ రైతుది. అందులో పోరు మతానికీ మతానికీ మధ్య కాదు, దోచేవాడికీ దోపిడీకి గురయ్యేవాడికీ మధ్య. ఉర్దూ ముస్లింల భాష అని ఒకరు, రజాకార్లు అంటే ముస్లింలని ఇంకొకరు కట్టే గోడలు ఆ ఒక్క సినిమా ముందు నిలబడవు.

రుజువు అడగడం గురించి ఇంకొక్క సంగతి. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లల్ని బడిలోంచి వెళ్ళగొట్టారు. జాతీయ గీతం వచ్చినప్పుడు వాళ్ళు గౌరవంగా లేచి నిలబడేవాళ్ళు, విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్ళు కారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమంది. నిలబడటంలోనే గౌరవం ఉందని, పాడి తీరాలని బలవంతం చేసే చట్టం లేదని తేల్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ముప్పై ఏళ్ళ తర్వాత, 2016 నవంబరు 30న, అదే కోర్టు సినిమా హాళ్ళలో ప్రతి ఆటకు ముందు జాతీయ గీతం తప్పనిసరి చేసింది. హాలులో ఎవడు ముందు లేచాడు, ఎవడు ఆలస్యంగా లేచాడని పక్క సీటువాడు తనిఖీ చేసే రోజులొచ్చాయి. 2018 జనవరి 9న కోర్టే ఆ తప్పనిసరిని తీసేసింది. దేశభక్తికి టిక్కెట్టు చింపే చోట పరీక్ష పెడితే దేశభక్తి పెరగదు, అనుమానం పెరుగుతుంది.

ఈ కొలతను మేము మాకు కూడా వర్తింపజేసుకోవాలి. మత స్వేచ్ఛ అంటే మత పెద్దల స్వేచ్ఛ కాదు. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు వచ్చిన తస్లీమా నస్రీన్ మీద మజ్లిస్ శాసనసభ్యులు, వాళ్ళ మనుషులు దాడిచేశారు. ఆమె రాతలతో మాలో ఎందరికో పేచీ ఉండొచ్చు. పేచీకి కలముంది, కాగితముంది. కుర్చీలు విసిరినవాళ్ళు కాపాడింది ఇస్లాంను కాదు. షోయబుల్లా చెయ్యి నరికినవాళ్ళ దారినే వాళ్ళు నడిచారు. ధర్మంలో బలవంతం లేదని ఖురాన్ బోధించే మతం మాది. నమాజు చదివేవాడికీ చదవనివాడికీ, బురఖా వేసుకునే ఆడపిల్లకూ వద్దనే ఆడపిల్లకూ, ప్రశ్నించే రచయితకూ మా మొహల్లాలో జాగా లేనప్పుడు జూబ్లీహిల్స్‌లో జాగా అడిగే నోరు మాకెక్కడిది?

శాంతి గురించి చివరగా. 1990 డిసెంబరులో హైదరాబాద్‌లో వందమందికి పైగా చనిపోయారు. ఆ అల్లర్ల వెనక అధికార పార్టీ కుర్చీల కొట్లాట ఉందని అప్పట్లో బహిరంగంగానే వినిపించింది. కర్ఫ్యూ పెట్టి తెచ్చేది నిశ్శబ్దం. శాంతి కమిటీ ఫొటోల్లో కనిపించేది మర్యాద. శాంతి అంటే వేరు. ఎవరికీ రుజువు చూపించనక్కరలేని మామూలు రోజే శాంతి.

అలాంటి మామూలు రోజు ఫిల్మ్‌నగర్‌లోనే ఎన్నోసార్లు కనిపిస్తుంది. ముహూర్తం రోజున పూజ జరుగుతుంది, కొబ్బరికాయ కొడతారు, క్లాప్ కొడతారు. లైట్‌మన్ కరీమైనా, కాస్ట్యూమర్ యేసుదాసైనా అక్కడ అందరితోపాటు నిలబడతాడు. షూటింగ్ అయిపోయిన రోజు గుమ్మడికాయ కొడితే అందరూ మిఠాయి తింటారు. ఎవరి ఈమానూ అందువల్ల చెడిపోలేదు. అదే యూనిట్‌లో జుమా రోజు మధ్యాహ్నం ఒక గంట నమాజుకు వెళ్ళొస్తానని ఒకడు అడిగితే, మేనేజరు 'వెళ్ళిరా' అంటాడు. మంచి మేనేజరు. కానీ ఆ మేనేజరు మారితే? మేమడుగుతున్నది ఆ ఒక్క గంట మేనేజరు మంచితనం మీద కాకుండా పని నియమంలో భాగంగా ఉండాలని. దసరాకు ఆయుధపూజ ఉన్నట్టు, క్రిస్మస్‌కు సెలవు ఉన్నట్టు.

తానీషా మనసు కరిగితే తప్ప రామదాసు బయటికి రాలేని కాలం పోయింది. ఎవరి మనసూ కరగనక్కరలేదు. మనుషుల మనసులు కరగడం, గట్టిపడటం వాళ్ళ ఇష్టం. మా ఉనికికి దాంతో సంబంధం ఉండకూడదు. 25వ అధికరణం హక్కు ఇచ్చేదే 'వ్యక్తులందరికీ సమానంగా' అన్న భావంతో. హిందువులకు అని లేదు, ముస్లింలకు అని లేదు, చివరికి పౌరులకు అని కూడా లేదు. మనిషైతే చాలు.

ఆ వాక్యం మీద ఫిల్మ్‌నగర్ ఒక మంచి సినిమా తీస్తే మేము మొదటి రోజు మొదటి ఆటకు వస్తాం. శుక్రవారమే కదా, జుమా చదువుకుని వస్తాం.